ఉరికెటోని బిడ్డ

కంటి ఆపరేషన్ అయ్యాక బాపు కొన్నాళ్లు జనగామలో మా ఇంట్లోనే ఉన్నాడు. భూపాలపల్లిలో ఆయనను చూసుకోవాల్సిన అమ్మ, రైలెక్కి మహబూబాబాద్ అవతల గార్ల పక్కనున్న పుట్టింటికి మిరప ఏరడానికి పోయింది. మిరప కోతల కాలంలో అమ్మను ఆపడం ఎవరి తరమూ కాదు. మామయ్య కూలీలకిచ్చే డబ్బు తన కొంగులోంచే పోతున్నట్టు బాధపడుతుంది. అందువల్ల పూటపూటకూ బాపు కంట్లో మందు చుక్కలు వేయడం, దుమ్ముకీ పొయ్యి సెగకీ ఆయనను దూరంగా ఉంచడం నా వంతుకు వచ్చాయి. ఈ రెండింటికంటే కష్టమైన పని ఆయనను ఊరికే కూర్చోబెట్టడం. బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, వయసంతా తట్టలు మోసిన మనిషి. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చోమంటే, ఎవరో పంచాయతీలో నిలబెట్టినట్టు ముఖం పెట్టేవాడు.

టీవీ వద్దన్నారు, ఫోన్ చూడటం అసలే వద్దన్నారు. ఇక ఆయనకు మిగిలింది చెవులు. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టానో చెవులతోనే కనిపెట్టేవాడు. నేను ఫోన్ చూస్తూ నాలో నేను గొణుక్కునే అంకెలు కూడా అట్లాగే ఆయనకు దొరికాయి.

“ఎవలతోటి మాట్లాడుతున్నవ్ బిడ్డా?”

“ఎవలతోటి లేదు బాపూ. ధర చూస్తున్న.”

“బంగారమా?”

“బంగారం కాదు. క్రిప్టో.”

ఆ మాట ఆయన విననిది కాదు. భూపాలపల్లిలో మా గని కార్మికుల కాలనీలో రిటైరైన వాళ్లలో సగం మంది ఫోన్లలో ఇప్పుడు అదే ముచ్చట. కానీ సొంత బిడ్డ ఆ పని చేస్తుందని తెలియదు. వెంటనే కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

నేను పాలకుర్తి దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రోజూ జనగామ నుంచి బస్సులో పోయి వస్తాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో, కండక్టర్ చేతిలో పెట్టిన జీరో టికెట్ చూసుకుంటూ ఒక ఆలోచన చేశాను. ఈ చార్జీ నిన్నటిదాకా పోతూనే ఉంది కదా, ఇవాళ కూడా పోయిందనుకుంటే నాకొచ్చిన కష్టమేమిటి? అట్లా పక్కన పెట్టుకుంటూ పోయిన చార్జీ డబ్బులతోనే నా ఖాతా మొదలైంది. మా ఆయన దానికి ‘జీరో టికెట్ బ్యాంకు’ అని పేరు పెట్టి, అది ఎప్పుడు మునుగుతుందా అని ఎదురు చూస్తున్నాడు. మునగలేదు. అట్లాగని మేడలూ కట్టలేదు. ఒకసారి మాత్రం మిక్సీ కొన్నది, ఆ మిక్సీలో పట్టిన పచ్చడిని ఆయనే లొట్టలేసుకుంటూ తిన్నాడు.

నా పద్ధతి ఒక్కటే. ఏదైనా కొనే ముందే, ధర ఎంతకు పడితే నా అంచనా తప్పని ఒప్పుకోవాలో చూసుకుంటాను. అక్కడికి పడితే యాప్ దానంతట అదే అమ్మేసేటట్టు పెడతాను. దాన్ని స్టాప్‌లాస్ అంటారు. అట్లా అమ్ముడుపోయినప్పుడు నాకు పోయేది పాలకుర్తికి రానూపోనూ అయ్యే బస్సు చార్జీని దాటకూడదు. దాటేటట్టుంటే కొనేదాన్ని తగ్గిస్తాను. ఇంకా తగ్గించడానికి వీల్లేకపోతే కొననే కొనను. ఒకసారి పెట్టిన స్టాప్‌ను పైకి జరపొచ్చు, కిందికి మాత్రం జరపను. అమ్మిన ప్రతిసారీ పన్ను కింద కొంత ముందే కోస్తారు. లాభమొస్తే నూటికి ముప్పై సర్కారుకు కట్టాలి. నష్టమొస్తే మాత్రం సర్కారు మన గుమ్మం తొక్కదు. కాబట్టి చిన్న ఖాతా ఉన్నవాళ్లకు చేతి దురద పనికిరాదు. ఎక్కువ రోజులు నేను చేసేది చూసి, మూసి, బీరకాయలు తరుక్కోవడమే.

చదువుకున్న పుస్తకాల్లో ఉన్న ముక్కే ఇది, నేను కనిపెట్టింది కాదు. అందరికీ తెలుసు కూడా. తెలిసీ చేయలేకపోవడం దగ్గరే జనం మునుగుతున్నారు. ధర స్టాప్ దగ్గరికి వచ్చినప్పుడు మనిషికి ఎక్కడలేని జాలి పుడుతుంది. పాపం, ఇంకొంచెం ఆగుదాం అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. ఆ జాలిని నమ్మకూడదని మాత్రం ఎక్కడో నేర్చుకున్నాను. ఎక్కడ నేర్చుకున్నానో ఆ రోజు బాపే చెప్పాడు.

అంతా విని ఆయన పకపకా నవ్వాడు. “అంటే ఉరుకుడన్నట్టు. నేను బాయిల చేసిందే నువ్వు ఫోన్ల చేస్తున్నవ్.”

ఆ నవ్వు వెనకాల ఏముందో చెప్పాలంటే కాలనీ రోజుల దాకా పోవాలి. బాపు పని చేసిన బాయిలో, పేల్చిన బొగ్గును తట్టల్లో మోసి, టబ్బులనే ఇనుప బండ్లు నింపేవాళ్లు. నిండిన టబ్బుకే కూలి, సగం నిండిన దానికి ఏమీ లేదు. పైన కప్పు అంటే రాయీ బొగ్గూ కలిసిన పొరలే. పని మొదలుపెట్టే ముందు గడ్డపారతో ఆ కప్పును కొట్టి వింటారు. కంగుమంటే గట్టిది. బోలుగా మోగితే లోపల పొర విడిందని అర్థం. పని మధ్యలో కూడా కప్పు చప్పుళ్లు చేస్తూనే ఉంటుంది. కొన్ని అది సర్దుకునే చప్పుళ్లు, కొన్ని కూలే ముందు చప్పుళ్లు. ఆ తేడా చెవికి తెలుస్తుందని అందరూ అనుకుంటారు.

బాపు మాత్రం తేడా చూసేవాడు కాదు. చెవికి నచ్చని చప్పుడు వినిపిస్తే చాలు, సగం టబ్బు అట్లాగే వదిలి బయటికి వచ్చేవాడు. ఎక్కువసార్లు ఆ కప్పు కూలేది కాదు. ఆయన వెనకాల ఆగినవాళ్లు టబ్బు నింపుకుని, కూలి రాయించుకుని, నవ్వుకుంటూ పైకి వచ్చేవాళ్లు. అట్లా ఆయనకు ‘ఉరికెటోడు’, అంటే పారిపోయేవాడు, అనే పేరు పడింది. పేరు పెట్టిన మనిషి మా క్వార్టర్ వెనక లైన్లోనే ఉండేవాడు. గట్టి మనిషి, ఏ చప్పుడుకూ కదలనివాడు, ఇవాళ్టికీ దుక్కలా ఉన్నాడు. ఉన్నమాట చెప్పాలి కదా, ఉరకని వాళ్లలో చాలామంది బాగానే ఉన్నారు.

ఒక్కసారి మాత్రం కప్పు నిజంగా కూలింది. బాపు జోడి, అంటే ఆయనతో కలిసి టబ్బు నింపే మనిషి, ఆ రోజు “ఇంకో రెండు తట్టలు” అని ఆగాడు. దాని గురించి బాపు ఇంట్లో ఇంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. ఆ తరువాత కొంతకాలం ఆయనను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మళ్లీ నెమ్మదిగా పిలవడం మొదలుపెట్టారు.

బడిలో నన్ను ‘ఉరికెటోని బిడ్డ’ అనేవాళ్లు. అట్లా అన్న ఒకడి చెయ్యి కొరికాను. వాళ్లమ్మ మా వాకిట్లోకి వచ్చి లొల్లి చేస్తే, అమ్మ నన్ను కొట్టినట్టు చేసి లోపలికి తీసుకుపోయి బెల్లం ముక్క పెట్టింది. షిఫ్టు కాకముందే బాపు గడపలో కనిపించిన రోజున అమ్మ ఒక్క మాటా అడిగేది కాదు. పొయ్యి మీద నీళ్లు కాగబెట్టేది, అంతే.

ఇదంతా తలుచుకుని నవ్వుకున్నాక బాపు అసలు మాటకు వచ్చాడు. “నాకు గూడ ఒకటి కొను బిడ్డా.”

“నీకెందుకు బాపూ?”

“సూద్దాం. గిది మంచిగైతే బ్యాంకుల డిపాజిట్ తీసి ఇందుల పెడత.”

ఆ డిపాజిట్ అమ్మకూ ఆయనకూ ముసలితనం గడవడానికి ఉన్నది. రిటైరైనప్పుడు వచ్చిన దానిలో పెళ్లిళ్లకూ ఇంటికీ పోగా మిగిలింది అదే. వద్దంటే వినే మనిషి కాదు. వద్దన్న పని మరో చోట చేస్తాడు. కాబట్టి లెక్కల టీచర్ తెలివి చూపించి, డిపాజిట్ మాట తరువాత, ముందు చిన్నది పెట్టి నేర్చుకో అన్నాను. పోతే పోయేది జనగామ నుంచి భూపాలపల్లికి ఆయన బస్సు టికెట్ అంత, మగవాళ్లకు ఇంకా టికెట్ ఉంది కదా. స్టాప్ ఎక్కడో కొనే ముందే చెప్పాను. జరపనని కూడా చెప్పాను. సరేనని నా అరచేతిలో చెయ్యి వేశాడు.

కొన్న తరువాత ధర కొంచెం పెరిగింది. ఆ మూడు నాలుగు రోజులు బాపు హుషారు చూడాలి. నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే “ఎంతున్నది?” అనేవాడు. మా ఆయనకు క్రిప్టో గురించి పాఠాలు చెప్పాడు. అమ్మ ఫోన్ చేస్తే మిరప ధర ముందు అడిగి, “మా దాని ధర గింకా మంచిగున్నది” అన్నాడు. అమ్మకు ఏమీ అర్థంకాక, కంట్లో చుక్కలు ఎక్కువ వేస్తున్నానేమోనని నన్ను కోప్పడింది.

ఆదివారం మధ్యాహ్నం అది పడటం మొదలుపెట్టింది. ఈ బజారుకు ఆదివారం లేదు, పండగ లేదు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. బాపు చదవమంటే ధర చదువుతున్నాను. ఆయన తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ఒక అంకె తరువాత ఇంకో అంకె వినడానికి ఊపిరి బిగబట్టి ఆగడం చూస్తే, బాయిలో ఆయన ఎట్లా ఉండేవాడో మొదటిసారి నా కళ్లతో చూసినట్టనిపించింది.

“స్టాప్ దగ్గరికొచ్చింది బాపూ.”

“జర ఆగు. మల్ల సదువు.”

చదివాను. ఇంకొంచెం పడింది. కొద్దిగా లేచింది. మళ్లీ పడింది.

“గిది కూలే సప్పుడు గాదు బిడ్డా. సర్దుకునే సప్పుడు. నా మాట ఇను, గా స్టాప్ తీసెయ్.”

“తియ్య.”

“పైసలు నాయి గద?”

“పైసలు నీయే. మాట గూడ నీదే. చేతిల చెయ్యి ఏసినవ్.”

“టికెటంత పైసలకు గింత పంతమేందే!”

టికెటంత డబ్బు కోసం కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన గొంతులో వేడుకోలు వినిపించింది. నా చిన్నతనంలో ఎన్నడూ విననిది. నా వేలు ఫోన్ మీదే ఉంది, ఒక్కసారి నొక్కితే స్టాప్ పోతుంది. ఆయన కోసం తీసేద్దామని నిజంగానే అనిపించింది. కానీ ఇవాళ నిలబడి గెలిస్తే రేపు డిపాజిట్ పెట్టి నిలబడతాడు. ఫోన్‌ను బియ్యం చేటలో బోర్లించి పెట్టాను. కాసేపటికి అది చిన్నగా మోగింది. అమ్ముడుపోయింది.

నేను లేచి వంటింట్లోకి పోయి పొయ్యి మీద గిన్నె పెట్టాను. టీ కోసమే. నీళ్లు కాగుతుంటే అమ్మ గుర్తొచ్చింది.

టీ తెచ్చేసరికి ధర తిరిగింది. దాచి లాభం లేదు, అడిగితే చెప్పాను. మేము అమ్మిన చోటును దాటింది, కొన్న చోటును దాటింది, సాయంత్రానికి ఇంకా పైకి పోయింది. బాపు చెవి తప్పు వినలేదు. అది సర్దుకునే చప్పుడే.

ఆయన టీ ముట్టలేదు. గ్లాసు పక్కకు జరిపి అన్నాడు. “జిందగంత ఉరికిన బిడ్డా. నవ్వినోళ్ల ముంగటనే దినాం బాయిల దిగిన. ఒక్కసారన్న నిలవడి సూద్దామనుకున్న. నా మీద కప్పు లేదు, రాయి పడేది లేదు, పోతే టికెటంత. గా ఒక్కసారి గూడ నన్ను ఉరికిస్తివి.”

లెక్క ప్రకారం నేను చేసింది సరైనదే. లెక్క ప్రకారం సరైన పని చేసి, కన్న తండ్రిని ఇంత చిన్నబుచ్చవచ్చని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఈ పద్ధతిలో ఉన్న బాధే అది. అది మనల్ని దేని నుంచి కాపాడిందో కంటికి కనపడదు. దాని వల్ల పోగొట్టుకున్నది మాత్రం పొద్దస్తమానం కళ్లముందే ఉంటుంది. కూలని కప్పు కింద నుంచి వచ్చిన ప్రతిసారీ బాపు సగం టబ్బు నష్టపోయాడు, నవ్వులపాలయ్యాడు. ఆయన చేసింది మంచి పని అని చెప్పడానికి ఒక్క రుజువూ లేదు, ఆయన ప్రాణం తప్ప. ప్రాణాన్ని ఎవరు రుజువు కింద చూస్తారు?

మరునాడు బాపు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ తరువాత ఫోన్లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. కాలనీలో ఒక గ్రూపు ఉందట. స్టాపు గీపు ఏమీ లేదట. పడితే భయపడకుండా ఇంకా కొంటారట, ఎప్పటికైనా లేస్తుందట. నడిపిస్తున్నది ఎవరో కాదు, ఆయనకు ఆ పేరు పెట్టిన మనిషే. “వస్త. ఇంటికి రాంగనే బ్యాంకుకు పోదాం,” అన్నాడు బాపు.

ఆ పూట కంట్లో చుక్కలు వేయడానికి పడుకోబెట్టాను. చుక్కలు వేసేటప్పుడు ఆయన ఎటూ తిరగడానికి వీల్లేదు, పైకి చూడాల్సిందే. చెప్పదలచుకున్నది అప్పుడే చెప్పాను, ఉన్న కోపమంతా పెట్టి చెప్పాను.

“నువ్వు నిలవడితే సూడాల్నని నాకు ఎన్నడు లేదు బాపూ. చిన్నప్పుడు లేదు, ఇప్పుడు లేదు. బడిల నేనెందుకు చెయ్యి కొరికిననో ఎరుకేనా? గా పోరడు గా పేరుతోటి నిన్ను పిరికోన్ని చేసిండు. నేను బడి నుంచి ఇంటికొస్తే నువ్వు అరుగు మీద ఉంటుంటివి. నీ జోడి బిడ్డ ఇంటికి పోతే అరుగు మీద ఎవలు లేకుండె. గా పిల్ల నా పక్కనే కూసునేది. నువ్వు ఉరికినవనే నేను పెరిగిన. ఇప్పుడు గా పేరు పెట్టినోడు నవ్వుతడని నువ్వు అమ్మ బువ్వ తీస్కపోయి ఆడ పెడ్తవా?”

చుక్క గురి తప్పి చెంప మీద పడింది. బాపు దాన్ని వేలితో తుడుచుకున్నాడు.

“కంట్ల పడలే,” అన్నాడు. “ఇంకో సుక్క ఎయ్యి.”

ఆయన మనసులో ఏమి నడుస్తుందో నాకు తెలియదు. డిపాజిట్ మాట నేను మళ్లీ ఎత్తలేదు. డాక్టరు చూసి, కన్ను బాగుంది, ఇంటికి పోవచ్చన్నాక, దింపి వస్తానని నేనూ ఆయనతో బయలుదేరాను. హనుమకొండలో బస్సు మారాం. పరకాల దాటేదాకా ఆయన కిటికీలోంచి కొత్త కన్నుతో పొలాలూ బోర్డులూ చూస్తూనే ఉన్నాడు. బోర్డులన్నీ చదివి వినిపించాడు. ఆయన టికెట్‌కు డబ్బు కట్టాడు, నాది జీరో టికెట్. రెండింటినీ కలిపి జేబులో పెట్టుకున్నాడు.

కాలనీ మలుపులో టీ కొట్టు దగ్గర, బాపుకు ఆ పేరు పెట్టిన మనిషి ఉన్నాడు. దూరం నుంచే చెయ్యి ఊపాడు.

“రా రా ఉరికెటోడా! కన్ను మంచిగైందా? టీ తాగి బ్యాంకుకు పోదాం పా. ఈసారన్న నిలవడు, మేమంత లేమా?”

అక్కడున్న నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మాట తన్నుకొచ్చింది కానీ బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. ఏమంటాడోనన్న భయంతో ఆయన ముఖం చూశాను. నల్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“నేను రాను, అన్నా,” అన్నాడు. “నాకు నిలవడుడు రాదు. నువ్వే పేరు పెడితివి గద.”

“గప్పటి ముచ్చట ఇప్పుడెందుకే?”

“గప్పటిది గాదు. జనగామల గూడ ఉరికే వచ్చిన. నేను ఉరికినంక అది మంచిగ లేచింది. ఐనా ఏం ఫికర్ లేదు.” తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, కొట్టులో అందరికీ వినపడేటట్టు చెప్పాడు. “గీమె ఎవలనుకున్నరు? ఉరికెటోని బిడ్డ. నాకన్న ముందే ఉరుకుతది.”

మళ్లీ నవ్వారు. ఈసారి బాపు కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. నా సంచి తీసుకుని ఇంటి వైపు నడిచాడు.

ఆ మాట అన్నందుకే ఒకప్పుడు ఒకడి చెయ్యి కొరికాను. ఆ రోజు మాత్రం బాపు ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.